పోకర్ లెక్క: 20 కట్టాలంటే బల్ల మీద ఎంత ఉండాలి?

తేజీ వస్తుందని సరుకు పట్టి కూర్చున్న వర్తకుడూ, ఒక్క ముక్క పడితే చాలునని ఆటలో నిలిచిన పేకాటరాయుడూ వేసుకునే ప్రశ్న ఒకటే: వస్తుందా, రాదా? ఆ ప్రశ్నలోనే లోపం ఉంది. ఎన్నిసార్లకు ఒకసారి వస్తుంది, వస్తే దక్కేదెంత, రాకపోతే పోయేదెంత అన్న మూడూ కలిపి చూడాలి.

ఐదు ముక్కలు పంచి, ఒకసారి మార్చుకోనిచ్చే పాత పోకర్ పద్ధతిలో ఈ లెక్క తేలికగా తెలుస్తుంది. ఒకరికి నాలుగు ఇస్పేట్లు, ఒక ఆఠీను పడ్డాయి. ఆఠీను పారవేసి మరో ఇస్పేటు తెచ్చుకుంటే ఐదూ ఇస్పేట్లే, అంటే ఫ్లష్. పేకలో 52 ముక్కలు. చేతిలోని 5 పోగా కనబడనివి 47. మొత్తం 13 ఇస్పేట్లలో మిగిలినవి 9. పనికిరానివి 38. అనగా రాకపోవడానికి నాలుగుంబావు వంతులైతే, రావడానికి ఒక వంతు.

కొత్తవారికి ఇక్కడొక సందేహం కలుగుతుంది. ఎదుటివారి చేతుల్లోనూ ఇస్పేట్లు ఉండవచ్చు గదా? ఉండవచ్చు. ఆఠీన్లూ, కళావర్లూ కూడా ఉండవచ్చు. ఏది ఎక్కడుందో తెలియనంతవరకు కట్టలోని ముక్కకూ, ఎదుటివాని చేతిలోని ముక్కకూ తేడా లేదు. లెక్క 47 మీదనే.

ఇక సొమ్ము. బల్ల మీద 60 రూపాయలున్నాయి. ఆటలో నిలవాలంటే 20 కట్టాలి. ఫ్లష్ వస్తే గెలుపు, లేకుంటే ఓటమి అనుకుంటే, 47 సార్లలో 38 సార్లు 20 చొప్పున 760 పోతుంది. 9 సార్లు 60 చొప్పున 540 వస్తుంది. నష్టం 220. బల్ల మీద 100 ఉంటే రాబడి 900, మిగులు 140. సరిసమానమయ్యే చోటు 84 రూపాయల 44 పైసలు. ముక్కలు అవే, ఒక ధరకు బేరం, మరో ధరకు దండుగ. 5, 6, 8, 9 పట్టుకుని నడుమ 7 కోసం నిలిచేవానికి పనికొచ్చే ముక్కలు నాలుగే. 20కి 215 ఉంటే తప్ప గిట్టదు. అయినా ఆ నడిమి ముక్క మీద మోజు చావదు!

అమెరికాలో 1987లో ఏర్పడిన సస్క్వెహానా సంస్థ ఆప్షన్ల వ్యాపారం నేర్చే కుర్రవాళ్లకు పోకర్‌ను శిక్షణలో చేర్చింది. ఆప్షన్ ప్రీమియం కూడా ఆ 20 రూపాయల వంటిదే. మన దేశంలో 1952 చట్టం నిషేధించిన సరుకుల ఆప్షన్లు 2017 అక్టోబరులో ఎం.సి.ఎక్స్.లో బంగారంతో తిరిగి మొదలయ్యాయి. అయితే పేకలో 47 అని తెలుసు. వానలో, పంటలో, ఎగుమతుల్లో ఎన్ని ముక్కలున్నాయో అంచనా వేసుకోవలసిందే. కనుక ధరలో జాగా ఎక్కువ ఉంచుకోవాలి.

డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టం చేసింది. లెక్క నేర్వడానికి చింతపిక్కలు చాలు.

పెట్టుబడి సంగతి వేరు. 100 ఉన్న బల్ల వద్ద కూడా మొదటి పదిసార్లూ ముక్క రాకపోయే అవకాశం నూటికి 12. జేబులో 200తో వచ్చినవాడు మిగులు చూడకముందే లేచిపోతాడు. అదే 200తో 5 రూపాయలు కట్టే బల్ల వద్ద కూర్చుంటే 40 సార్లు నిలవవచ్చు. ఆ నలభైసార్లూ రాకపోవడం దాదాపు 5 వేలకు ఒకటి.