పాఠం 14: కొత్త కారు, మొదటి వారం

ఈ పాఠం అయ్యేసరికి మీరు:
• కొత్త వస్తువు గురించి "బాగుంది" కాకుండా ఇంకో నాలుగు మాటలు చెప్పగలుగుతారు.
• "నేను" ఎక్కడ వాడాలో, "నాకు" ఎక్కడ వాడాలో తెలుసుకుంటారు.
• మీ తాతయ్యతోనో అమ్మమ్మతోనో ఫోన్లో ఐదు నిమిషాలు బండి గురించి మాట్లాడతారు.

మొదలుపెట్టే ముందు

మీ ఇంట్లో పెద్దవాళ్ళు కారుని "బండి" అనడం వినే ఉంటారు. ఎద్దులు లాగేదీ బండే, స్కూటరూ బండే, కారూ బండే. అలాగే కొందరు "కారు నడిపాను" అంటారు, కొందరు "కారు తోలాను" అంటారు. రెండూ తెలుగే. మీ ఇంట్లో ఏది అంటారో ఇవాళ అడగండి.

చదవండి – 1: పాతదే, కానీ మాకు కొత్తది

మేము సింగపూర్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్ళూ ఎంఆర్‌టీ, బస్సులే మా బళ్ళు. ఈ ఊళ్ళో అవి ఉంటే చాలు, ఏ పనీ ఆగదు. కానీ మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. బస్‌స్టాపు దాకా నడవడం కూడా కష్టమైపోయింది. అందుకని పోయిన నెల ఒక కారు కొన్నాం. పాతదే, కానీ మాకు కొత్తది.

ఇక్కడ కారు కొనాలంటే కారు డబ్బు ఒక్కటే సరిపోదు. సీవోఈ అనే పత్రం కూడా కావాలి. రోడ్ల మీద బళ్ళు మరీ ఎక్కువైపోకుండా 1990లో ఈ పద్ధతి పెట్టారు. ఆ పత్రాన్ని వేలంలో పాడుకోవాలి. 2023 అక్టోబరులో పెద్ద కార్లకి ఒక్క పత్రమే లక్షా యాభై వేల సింగపూర్ డాలర్లు పలికింది! అంత డబ్బు పెట్టినా అది పదేళ్ళే పనిచేస్తుంది. తర్వాత మళ్ళీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదంటే కారుని వదులుకోవాలి.

మా కారుకి ఇంకా నాలుగేళ్ళ ఆయుష్షు ఉంది. ఈ మాట చెప్తే తణుకులో ఉన్న మా నాన్నగారు, "కారుకి కూడా జాతకం రాసి ఇస్తారా అమ్మా అక్కడ?" అని ఒకటే నవ్వు.

కారు వచ్చిన మర్నాడు సెరంగూన్ రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాం. బొట్టు పెట్టి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ రోజు మావారు నడిపారు. నా వంతు ఆదివారం వచ్చింది.

చదవండి – 2: నా మొదటి ఆదివారం

నాకు మన దేశం లైసెన్సు ఉంది. కానీ మాలా ఉద్యోగం పాస్ మీద వచ్చినవాళ్ళు దానితో ఇక్కడ ఏడాది వరకే నడపొచ్చు. ఆ తర్వాత ఇక్కడి లైసెన్సుకి మార్చుకోవాలి. దానికో పరీక్ష ఉంది: 50 ప్రశ్నల్లో 45 కరెక్టుగా చెప్పాలి. బీఈడీ చదివినదాన్ని కదా, పరీక్ష అంటే భయం లేదు. అసలు భయం కార్లో కూర్చున్నాక మొదలైంది.

మా కారు ఐదో అంతస్తు పార్కింగ్‌లో ఉంటుంది. స్టార్ట్ చేశాను. ఇది ఆటోమేటిక్ బండి, క్లచ్ ఉండదు. ఆ సంగతి నా బుర్రకి తెలుసు గానీ నా ఎడమ కాలికి తెలియదు! అది అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతికి బ్రేకుని గట్టిగా తొక్కేసింది. పెద్ద కుదుపు. వెనక సీట్లో మా అబ్బాయి చేతిలో నీళ్ళ సీసా కింద పడింది. అప్పటినుంచి ఎడమ కాలిని సీటుకి దగ్గరగా లాక్కుని కూర్చున్నాను.

గుండ్రంగా తిరిగే ఇరుకు దారిలో కిందికి దిగుతుంటే గోడలు రెండు వైపుల నుంచీ మీదికి వస్తున్నట్టు అనిపించింది. కిందికి వచ్చేసరికి అరచేతులకి చెమట పట్టింది.

రోడ్డు మీదికి వచ్చాం. మన దగ్గరలాగే ఇక్కడా ఎడమ వైపే నడపాలి, స్టీరింగూ కుడి వైపే. మరి ఏం తేడా? చప్పుడు! మన ఊళ్ళో లారీల వెనకాల హారన్ కొట్టమని రాసి ఉంటుంది. వెనక ఎవరో వస్తున్నారని మనకి చెవితో తెలుస్తుంది. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. హాయిగానే ఉంటుంది, కానీ నాకు ఆ నిశ్శబ్దం చూస్తేనే భయం వేసింది. పక్కన ఎవరున్నారో చెవి చెప్పదు. అద్దాలు చూసుకోవాల్సిందే. నా చెవులు చేసే పనిని కళ్ళకి నేర్పడమే నాకు మొదటి వారం పాఠం.

బెడోక్ నుంచి ఈసీపీ ఎక్కాం. అక్కడ చాలా మేర 90 దాకా వెళ్ళొచ్చు. నేను ఎడమ లేన్‌లో 70 మీద పోయాను. రోడ్డుకి రెండు పక్కలా పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు గొడుగులు పట్టినట్టు ఉన్నాయి. మధ్యలో కాగితం పూలు. ఈ దారిన ఎన్నోసార్లు బస్సులో వచ్చాను గానీ అవి నా కంటికి ఆనలేదు.

దారిలో ఈఆర్‌పీ గేటు కింద నుంచి వెళ్ళాం. రద్దీ సమయంలో ఆ గేటు దాటితే డబ్బులు పోతాయి. ఊరి నడిమధ్యకి వచ్చే కార్ల దగ్గర డబ్బు తీసుకోవడం ఇక్కడ 1975లోనే మొదలైంది. అప్పుడు కాగితం చీటీలు కొనుక్కునేవారు, 1998 నుంచి ఈ గేట్లు వచ్చాయి. మేము వెళ్ళింది ఆదివారం కాబట్టి డబ్బులు పోలేదు.

తిరిగి వచ్చి మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాక కారుని గీతల మధ్య పెట్టగలిగాను. నిదానమే ప్రధానం అన్నారు కదా!

సంభాషణ: ఆ రాత్రి ఫోన్లో

(ఇద్దరు పిల్లలూ ఒక పెద్దవారూ కలిసి పైకి చదవండి.)

తాతయ్య: ఏరా నాన్నా, కారు ఎలా ఉంది?
అబ్బాయి: బాగుంది తాతయ్యా.
తాతయ్య: బాగుంది సరే. ఎలా బాగుంది?
అబ్బాయి: అంటే... బాగుంది.
తాతయ్య: ఏమ్మా, నువ్వు తోలావట కదా. ఎలా ఉంది?
అమ్మ: బాగుంది నాన్నా. ఏం ఇబ్బంది లేదు.
అబ్బాయి: తాతయ్యా, కాదు! అమ్మ భయం ఉంది. అమ్మ చేతులు... నీళ్ళు!
తాతయ్య: చెమట పట్టిందా?
అబ్బాయి: ఆ, చెమట!
తాతయ్య: మరి చెప్పొచ్చు కదమ్మా. స్కూటర్ నేర్చుకున్న రోజు నాకూ భయం వేసింది. మీ అమ్మకి చెప్పలేదు. పంట కాలవలో పడి తడిసి ఇంటికొచ్చాక తనకే తెలిసింది.

ఆ రాత్రి మేము అరగంట మాట్లాడుకున్నాం. నాన్నగారు స్కూటర్ మీద నుంచి పడ్డారన్న సంగతి నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది! మా అబ్బాయి మాటలు రాక "బాగుంది" అన్నాడు. నేను మాటలన్నీ వచ్చి కూడా, దూరాన ఉన్న నాన్నగారు కంగారు పడతారని అదే మాట అన్నాను. వచ్చీ రాని తెలుగులో అయినా నిజం చెప్పింది వాడే. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

భాషా విషయం: నేనా? నాకా?

మా అబ్బాయి "అమ్మ భయం ఉంది" అన్నాడు. అర్థమైంది, కానీ ఒక చిన్న అక్షరం తగ్గింది. "అమ్మకి భయం వేసింది" అనాలి.

గుర్తుపెట్టుకునే పద్ధతి ఇదీ. మనం చేసే పనికి "నేను" వాడతాం. మన దగ్గరికి దానంతట అదే వచ్చేదానికి "నాకు" వాడతాం. బ్రేకు మనం తొక్కుతాం. భయాన్ని మనం పిలవం, అదే వస్తుంది.

నేను చేసినవి:
నేను కారు నడిపాను.
నేను బ్రేకు తొక్కాను.
నేను అద్దంలో చూశాను.
నేను ఆ చప్పుడు శ్రద్ధగా విన్నాను.

నాకు వచ్చినవి:
నాకు భయం వేసింది.
నాకు నవ్వు వచ్చింది.
నాకు లారీ కనిపించింది.
నాకు హారన్ వినిపించింది.
నాకు ఈ రంగు నచ్చింది.
నాకు దారి అర్థం కాలేదు.

"చూశాను", "కనిపించింది" రెండూ కంటి పనే. కావాలని చూస్తే "నేను చూశాను". అనుకోకుండా కంటపడితే "నాకు కనిపించింది".

ఒక జాగ్రత్త: "నేను భయపడ్డాను" అని కూడా అంటారు, అదీ తప్పు కాదు. చివర "పడ్డాను" వస్తే "నేను", "వేసింది" వస్తే "నాకు". రెండూ కలిపేసి "నేను భయం వేసింది" అనకూడదు.

కి, కు: నాకు, నీకు, మాకు, మీకు అనేవాటికి ఎప్పుడూ "కు". అబ్బాయికి, తమ్ముడికి అనేవాటికి "కి". "అమ్మకు", "అమ్మకి" రెండూ వింటారు. పుస్తకాల్లో మొదటిది ఎక్కువ, ఇంట్లో రెండోది ఎక్కువ.

కొత్త మాటలు

కుదుపు – బండి ఒక్కసారిగా ఊగడం
ఇరుకు – చోటు తక్కువగా ఉండడం
వేలం – ఎక్కువ ధర చెప్పినవాళ్ళకి ఇచ్చే అమ్మకం
ఆయుష్షు – ఎంతకాలం బతుకుతామో ఆ కాలం
డిక్కీ – కారు వెనకాల సామాను పెట్టే చోటు
ముప్పావు – నాలుగు భాగాల్లో మూడు
చెయ్యి తిరగడం – బాగా అలవాటై సులువుగా చేయగలగడం. ఉదా: ఆయన చెయ్యి తిరిగిన డ్రైవరు.

మీకు తెలుసా? సింగపూర్ కారులో సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళాలంటే ట్యాంకులో కనీసం ముప్పావు వంతు పెట్రోలు ఉండాలి. మీ కారు ట్యాంకులో ఇప్పుడు ఎంత ఉంది? పావా, సగమా, ముప్పావా? తెలుగులో చెప్పండి.

అభ్యాసాలు

అ. "నేను" లేదా "నాకు" రాయండి.
1. ____ సీటు బెల్టు పెట్టుకున్నాను.
2. ____ వెనక సీటు నచ్చింది.
3. ____ వాన చప్పుడు వినిపించింది.
4. ____ డిక్కీలో సంచులు పెట్టాను.

ఆ. తప్పు సరిచేయండి.
1. తాతయ్య నవ్వు వచ్చింది.
2. నాకు తలుపు వేశాను.
3. చెల్లి భయం వేసింది.

ఇ. "బాగుంది" అనకుండా చెప్పండి. మీ కారు లేదా మీరు రోజూ ఎక్కే బస్సు గురించి నాలుగు వాక్యాలు రాయండి. ఈ మాటలు వాడండి: మెత్తగా, ఇరుకుగా, చల్లగా, కుదుపు.

ఈ. నంబరు ప్లేటు ఆట. సింగపూర్‌లో కారు నంబరు "ఎస్" అక్షరంతో మొదలవుతుంది. చివరి అక్షరం ఊరికే పెట్టింది కాదు, ముందున్న అక్షరాలనీ అంకెలనీ లెక్కగట్టి ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్ బండికి "ఏపీ" ఉంటుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బళ్ళకి "టీజీ" వచ్చింది, అంతకుముందు "టీఎస్". మీ తాతయ్యగారి బండి నంబరు కనుక్కుని, అంకెలు ఒక్కొక్కటీ తెలుగులో చదవండి.

ఇంటిపని

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరికి ఫోన్ చేసి ఇలా అడగండి: "మొదటిసారి బండి నడిపినప్పుడు మీకు ఎలా అనిపించింది?" (మీ ఇంట్లో తాతయ్యని "నువ్వు" అంటే "నీకు" అనే అడగండి.) సైకిలైనా పరవాలేదు, ఎడ్ల బండైనా పరవాలేదు. వాళ్ళు "బాగుంది" అని ఆపేస్తే మా నాన్నగారిలా మళ్ళీ అడగండి: "ఎలా బాగుంది?" విన్నది ఐదు వాక్యాల్లో రాయండి.

పెద్దవాళ్ళకి ఒక మాట: పిల్లలు తప్పుగా మాట్లాడినా మధ్యలో ఆపి దిద్దకండి. ముందు చెప్పింది వినండి, తర్వాత అదే వాక్యాన్ని మీరు సరిగ్గా అనండి. మా నాన్నగారు "చెమట పట్టిందా?" అన్నది అందుకే.

జవాబులు
అ: 1. నేను 2. నాకు 3. నాకు 4. నేను
ఆ: 1. తాతయ్యకి నవ్వు వచ్చింది. 2. నేను తలుపు వేశాను. 3. చెల్లికి భయం వేసింది.