సాయంకాలపు కూలివారు

చదువవలసిన భాగము: మత్తయి 20:1–16



ఉన్నవారినుండి తీసి లేనివారికి పంచుట న్యాయమా? ఈ ప్రశ్నకు కొందరు అవుననియు, కొందరు కాదనియు చెప్పుదురు. ఆ జవాబులు ఎక్కడనుండి పుట్టుచున్నవో ద్రాక్షతోట ఉపమానములో చూడవచ్చును.

1. పోల్చుకొనుట. ఉదయమున వచ్చినవారికి ఒప్పుకొన్న దేనారము పూర్తిగా ముట్టెను. తమ కూలిని చూచుకొన్నంతసేపు వారికి నష్టము లేదు. ప్రక్కవాని చేతిని చూచినప్పుడే సణుగుడు పుట్టెను.

2. కారణము ఎరుగకపోవుట. సాయంకాలమువరకు ఏల ఊరక నిలిచితిరని యజమానుడు అడుగగా, తమను పనికి పిలిచినవారే లేరని వారు చెప్పిరి. ఆ మాట యజమానుడు వినెను, తోటలోనున్నవారు వినలేదు. కాబట్టి వారి కంటికి వీరు ఒక్క గంట పనిచేసినవారు మాత్రమే.

నేటికిని ఇట్లే యున్నది. సోమరితనమే పేదరికమునకు కారణమని నమ్మువాడు పంచుట అన్యాయమనును. అవకాశము లేకపోవుటయే కారణమని నమ్మువాడు న్యాయమనును. అల్బెర్టో అలెసినా, ఎడ్వర్డ్ గ్లేసర్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించిన గ్రంథములో, పేదలు సోమరులను తలంపు ఐరోపాలోకంటె అమెరికాలో ఎక్కువనియు, అక్కడి ప్రభుత్వము బీదలకు పంచునది తక్కువనియు చూపిరి. జాతిభేదమును కూడ ఒక కారణముగా చెప్పిరి. ఊరికిని పేటకును నడుమనున్న హద్దును ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

3. ముఖాముఖిగా వినుట. 1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో, దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని వినోబా భావేకు చెప్పుకొనిరి. ఆయన ఆ మాటను గ్రామస్థుల యెదుట ఉంచగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదనని లేచెను. ఆ దినములలో తెలంగాణములో భూమికొరకు సాయుధ పోరాటము జరుగుచుండెను గనుక, భూస్వాములలో భయమును లేకపోలేదు. అయినను లేనివారి నోటిమాట ఉన్నవారి చెవిని పడినది.

అయితే జాలి ఒక్కటే చాలదు. తరువాత దేశమంతట వచ్చిన భూదానములలో సాగుకు పనికిరాని నేల చాల కలదు. పంచబడక నిలిచినదియు కలదు. కావున చట్టమును కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో భూపరిమితి చట్టము 1973లో చేయబడెను. కాని ప్రజల మనస్సు మారని చోట చట్టము కాగితముమీదనే నిలిచిపోవును.

ఆలోచించుటకు:

1. మన ఊరిలో పని దొరకనివానిని సోమరి అనకముందు, కారణమేమని అడిగితిమా?

2. మనము ఉదయమే పిలువబడినవారమైతే, అది మన కష్టమువలననేనా, లేక పిలిచినవాని దయవలననా?