విత్తిన తేదీ నమోదుకు అనుసంధాన ఎంపిక జాబితాలు

పంటల వివరాలను వెబ్ పత్రాల ద్వారా సేకరించేటప్పుడు విత్తిన తేదీ కీలకమైన అంశం. పూత, కోత, మొత్తం పంటకాలం దాని నుండే లెక్కకు వస్తాయి. తేదీని టైపు చేయమంటే 5-6-2024 అన్నది మన వాడుకలో జూన్ 5 కాగా, కొన్ని సాఫ్ట్‌వేర్లు దానినే మే 6గా స్వీకరిస్తాయి. సంవత్సరం, నెల, రోజు అనే మూడు ఎంపిక జాబితాలతో ఈ సందిగ్ధం తొలగుతుంది. అయితే అవి పరస్పరం అనుసంధానమై లేకుంటే ఫిబ్రవరి 30న విత్తిన వరి కూడా పట్టికలోకి చేరుతుంది.

ఫిబ్రవరి రోజుల సంఖ్య సంవత్సరంపై ఆధారపడినందున సంవత్సరాన్ని ముందు ఉంచడం సమంజసం. సంవత్సరం గాని, నెల గాని మారిన ప్రతిసారీ రోజుల జాబితాను తిరిగి నిర్మించాలి. జావాస్క్రిప్ట్‌లో నెలలు 0తో మొదలవుతాయి. ఒక నెలలో 0వ రోజును కోరితే అంతకు ముందు నెల చివరి రోజు లభిస్తుంది. 2024, 2, 0 అని ఇస్తే 2 అనగా మార్చి కనుక ఫిబ్రవరి 29 వస్తుంది. లీపు సంవత్సర నియమాన్ని విడిగా రాయనక్కరలేదు.

ముందే 31 ఎంచుకొని, తరువాత నెలను జూన్‌గా మారిస్తే ఏమి చేయాలి? దానిని 30గా సవరించడం సులభమే గాని, ఎవరూ చెప్పని తేదీ రికార్డులో చేరుతుంది. ఆ గడిని ఖాళీ చేసి మళ్లీ అడగడమే మేలు. చెల్లుబాటయ్యే రోజైతే చెరపరాదు.

కోత తేదీ జాబితాలు విత్తిన తేదీని అనుసరించాలి. నవంబరులో విత్తిన రబీ పంట మరుసటి సంవత్సరంలో కోతకు వస్తుంది గనుక రెండు సంవత్సరాలూ కనిపించాలి. సాంబ మసూరి (బీపీటీ 5204) పంటకాలం సుమారు 145-150 రోజులు. 60 రోజులకే కోత అని నమోదైతే హెచ్చరిక చూపాలి, తిరస్కరించరాదు. వరదకు మునిగిన పైరును ముందే కోసి ఉండవచ్చు. ఇక అడిగేది నారు పోసిన తేదీయా, నాటిన తేదీయా అన్నది జాబితా పైన స్పష్టంగా లేకుంటే ఈ శ్రమంతా వృథా.

తేదీని పంపే విధానంలో మరొక ప్రమాదం ఉంది. జులై 1 అర్ధరాత్రి 12 గంటల భారత కాలమానాన్ని అంతర్జాతీయ కాలమానంలోకి మారిస్తే 5.30 గంటలు తగ్గి జూన్ 30 అవుతుంది. రోజే కాదు, నెలే మారిపోతుంది. కావున మూడు విలువలను 2024-07-01 అనే అక్షర రూపంలో నేరుగా కలిపి పంపాలి. సర్వర్‌లో మరల సరిచూడాలి.

రైతులు తరచు కార్తెను బట్టి చెబుతారు. రోహిణి కార్తె మే నెలాఖరున మొదలై జూన్ మొదటి వారం వరకు ఉంటుంది గనుక నెల కూడా తేలదు. నెల, రోజు జాబితాలు రెండింటిలోనూ ‘తెలియదు’ అన్న ఎంపిక ఉంచి, కార్తె పేరుకు వేరొక గడి కేటాయించాలి.