ఊరందఱు మ్రింగవలసిన మందు

విజయవాడ వద్ద కృష్ణానదికి 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల నీరు పొలములకు పాఱి డెల్టా అన్నపూర్ణ యయ్యెను. ఊళ్లు పెరిగినవి, ఇండ్లు పెరిగినవి. మురుగు పోవు త్రోవలు మాత్రము అంతగా పెరుగలేదు. మురుగు నిలిచినచోట క్యూలెక్స్ అను దోమ గ్రుడ్లు పెట్టును. ఆ దోమ మోసికొని వచ్చు వ్యాధియే బోదకాలు.

ఈ వ్యాధిలో కాలు ఏనుగు పాదమువలె లావై, చర్మము మొద్దుబాఱును. నడుమనడుమ జ్వరము వచ్చును. ప్రాణము పోదు, అందుచేతనే కాబోలు, లోకము దీనిని చాలకాలము చిన్నచూపు చూచినది. కాని మడిలో దిగి నాట్లు వేయు కూలివానికి కాలే జీవనాధారము గదా! ఈ కాలు చూచి తప్పిపోయిన పెండ్లి సంబంధములెన్నో. చీర కుచ్చెళ్లతో పాదమును కప్పుకొని తిరిగిన స్త్రీలను మా తరము వారము ఎందఱినో చూచితిమి.

వ్యాధికి మూలము దారపుపోగువంటి పురుగు. అది మన దేహములోని శోషరస నాళములలో నాలుగు నుండి ఆఱేండ్లు జీవించి, లక్షలకొలది సూక్ష్మక్రిములను కనును. ఆ క్రిములు పగలు దేహాంతర్భాగమున దాగి, రాత్రి దోమ కుట్టు వేళకు చర్మము క్రింది రక్తములోనికి వచ్చును. కావుననే ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట తలుపు తట్టి, వ్రేలినుండి రక్తపుచుక్క తీసికొందురు. దోమలో ఈ క్రిములు పెరుగుటను చైనాలో పనిచేయుచుండిన పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877లో కనుగొనెను.

ఈ క్రిములను చంపు మందు పుట్టుకలో తెలుగువాని చేయి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాకు పోయెను. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందము 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును వెలువరించెను. హెట్రజాన్ అను పేర అది ప్రసిద్ధి కెక్కినది. మఱుసటి యేటనే ఆయన కన్నుమూసెను.

మన దేశమున ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో ఆరంభమైనది. రక్తపరీక్షలో పట్టుబడినవారికి మందిచ్చెడివారు. కాని రాత్రులందు ఎందఱి రక్తము తీయగలరు? పైగా చక్కగా నడచువాని రక్తములోను క్రిములుండవచ్చును. వానిని కుట్టిన దోమయే పొరుగువానిని కుట్టును. అందుచేత 2004లో వ్యాధిగల జిల్లాలలో ఏటికొకమారు అందఱికి మందు మ్రింగించు పద్ధతి వచ్చినది. తరువాత ఆల్బెండజోల్ బిళ్లయు తోడైనది. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు మాత్రము ఇయ్యరు. మందు సూక్ష్మక్రిములను చంపును గాని పెద్దపురుగులన్నిటిని చంపజాలదు. కనుక అవి ముసలివై చచ్చువఱకు, కనీసము అయిదేండ్లు, ఏటేట మ్రింగవలెను.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. పంచిన బిళ్లలు వేఱు, కడుపులోనికి పోయిన బిళ్లలు వేఱు. పంతులుగారు చూడనపుడు బిళ్లను జేబులో వేయు నేర్పు పిల్లలకు గలదని నేనెఱుగుదును, పెద్దలకును గలదు. “నాకేమి జబ్బు?” అందురు. మ్రింగినవారిలో కొందఱికి కొంచెము జ్వరము, తలనొప్పి వచ్చును. అది చాలవఱకు రక్తములోని క్రిములు చచ్చుటవలన కలుగునది. ఊరిలో మాత్రము మందు వికటించినదని పుకారు పుట్టును! జనాభాలో నూటికి 65 మందియైనను మ్రింగనిచో దోమకు క్రిములు దొరకుచునే యుండును.

ఆఫ్రికాలో వడిగా పాఱు నదుల యొడ్డున నల్లని యీగ కాటువలన వేఱొక పురుగు సోకి, జనుల చూపు పోవుచుండెను. దానికి ఐవర్‌మెక్టిన్ అను మందును 1987 నుండి ఉచితముగా నిచ్చుచున్నారు. ఆ పురుగు పది పదునైదేండ్లు బ్రదుకును గనుక అక్కడివారు అన్నియేండ్లును మందు మ్రింగవలసివచ్చెను. 2025లో నైజర్ దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రపంచారోగ్యసంస్థ గుర్తించినది. మన పొరుగుననున్న శ్రీలంక 2016లోనే బోదకాలును జయించినది.

ఇదివఱకే వాచిన కాలు ఈ మందుతో మామూలు కాదు. దానిని దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తడిలేకుండ తుడిచి, కూర్చున్నపుడు ఎత్తున నుంచినచో జ్వరము, వాపు తగ్గుముఖము పట్టును. ఇక మందు ఎప్పుడు మానవలెనో తేల్చుటకు ఆఱేడేండ్ల పిల్లల రక్తమును పరీక్షింతురు. మందు పంచుట మొదలైన పిదప పుట్టినవారు గనుక, వారి రక్తమున వ్యాధి జాడ కనబడినచో దోమ ఇంకను ఆ ఊర క్రిములను మోయుచునే యున్నదన్నమాట.