కోటను హోటల్ చేసేముందు

కృష్ణా డెల్టాలో పాత మిద్దెలు, జమీందారీ భవనాలు మరమ్మతు చేయించడంతోనే నా ఉద్యోగం గడిచింది. కోటను హోటల్‌గా మార్చుకుంటే ఎలా ఉంటుందని అడగడానికి వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పే మాటలివి.

1. ఆదాయం ఆగిన ఏడాదే కప్పు కారడం మొదలవుతుంది. చల్లపల్లి, నూజివీడు జమీందార్ల భవనాలు శిస్తు డబ్బుతో నిలిచినవి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. రావలసిన చట్టమే, రైతు కష్టం తెలిసినవాడెవడూ కాదనడు. అయితే అంతంత కప్పులకు ఏటా సున్నం పని ఎవరు చేయించాలన్నది తేలలేదు. హైదరాబాద్ ఫలక్‌నుమాదీ ఇంచుమించు ఇదే కథ. 1884లో నవాబు వికార్ ఉల్ ఉమ్రా మొదలుపెట్టించిన ఆ మహలు తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. ఆ తర్వాత చాలాకాలం తలుపులు మూతపడే ఉన్నాయి.

2. తొందర పనికిరాదు. నిజాం ఇంటి కోడలు ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకోగా, తాజ్ సంస్థ ఫలక్‌నుమాను బాగుచేయడానికి సుమారు పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచారు. మన దగ్గర రెండేళ్లలో అయిపోవాలంటారు. కాదు.

3. సున్నపు గోడకు సిమెంటు పూయొద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతాను. పాతవాళ్లు సున్నాన్ని గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి కట్టారు. ఆ గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే తడి లోపలే చిక్కుకుని ఉప్పు పట్టి, ఇటుక పొడిగా రాలిపోతుంది. పైకి గోడ కొత్తగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం. ఫలక్‌నుమా రాతి కొండ మీద ఉంది. మనది కాలవల కింద నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, నీరు కాస్త లోతులోనే తగులుతుంది. అందుకని ఇక్కడ మొదటి ఖర్చు వాననీరు గోడకు దూరంగా పోయే కాలవలకే పెట్టాలి. ఏసీలు, ఈతకొలను తర్వాత.

4. టేకు దూలం గోడలోకి దిగిన చోట తట్టి చూడండి. చెద అక్కడే ఉంటుంది.

5. ఊరివాళ్లకు ఒక తలుపు తెరిచి ఉంచాలి. ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే భోజనబల్ల ఉంది. ఆ హోటల్లో గది అద్దె కట్టగలిగేవాళ్లు మనలో ఎందరు? బెజవాడలో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనం బాపు మ్యూజియంగా నిలిచింది. బడిపిల్లలు చిన్న టికెట్టుతో లోపలికి వెళ్తారు. హోటల్ ఒక్కటే దారి అనుకోకండి. హోటలే దిక్కయితే, అదీ మంచిదే. కూలిపోయేకన్నా నయం.

మీ ఊరి కోటకు ఎవరైనా లీజు అడిగితే రెండు షరతులు రాయించండి: సున్నం పని తెలిసిన మేస్త్రీలతోనే మరమ్మతు, ఏటా కొన్ని రోజులు ఊరివాళ్లకు ప్రవేశం. సంతకాలు అయ్యాక అడిగితే ఎవరూ వినరు.