మొదటి సైకిలు పందెము

సైకిలు త్రొక్కుట బాగుగా నేర్చిన ప్రతివారికిని ఒకనాడు పందెమున పాల్గొనవలెనను కోరిక కలుగును. నాకును కలిగినది. అప్పటికి నాకు 14 ఏండ్లు. మా పాఠశాల వార్షికోత్సవమునకు 16 కిలోమీటర్ల సైకిలు పందెము నేర్పాటు చేసిరి. మా యూరినుండి చెరువుగట్టు మీదుగా పొరుగూరి రావిచెట్టు వఱకు పోయి, దానిని చుట్టి మరల రావలెను. అది జరిగి యాబది యేండ్లు దాటినది. ఐనను ఆ యుదయము నేనేమి తింటినో, ఎన్ని గంటలకు తింటినో నేటికిని మఱవలేదు.

కొడుకు పందెమునకు పోవుచున్నాడని మా అమ్మ తెల్లవాఱకముందే లేచి పిండి రుబ్బి గారెలు వండెను. "బలము కావలెను గదా, ఇంకొకటి తినుము నాయనా" అని కొసరి కొసరి వడ్డించెను. ఎనిమిది గారెలు తిని, పైని గిన్నెడు పాయసము త్రాగితిని. అప్పుడు ఆఱున్నర గంటలు. పందెము ఏడు గంటలకని చెప్పియుండిరి. కాని పందెమును ప్రారంభింపవలసిన పెద్దమనిషి రాక ఆలస్యమై, ఎనిమిదింటికి గాని ఈల మ్రోగలేదు. అంతవఱకును నేను సైకిలును వేపచెట్టున కానించి, ఉన్న బలము వృథా కాకూడదని తలచి, నీడలో కదలక కూర్చుంటిని.

మా తరగతిలో అందఱికంటె వేగముగా త్రొక్కువాడు మఱియొకడు. వాడే గెలుచునని ఊరంతయు అనుకొనెను. కడుపు ఖాళీగా నున్నచో దేహము తేలికగా నుండునని ఎవరో వానికి చెప్పిరి. వాడు ముందటి సాయంకాలము దారి తెలిసికొనుటకై ఆ దూరమును రెండు మారులు తిరిగి వచ్చి, రాత్రి అన్నము మాని, ఉదయము మంచినీళ్ళు మాత్రము త్రాగి వచ్చెను.

ఈల మ్రోగెను. మూడు కిలోమీటర్లు దాటకముందే నాకు డొక్కలో పోటు పుట్టినది. చెరువు తూము దగ్గఱ సైకిలు దిగి తినినదంతయు కక్కుకొంటిని. నా స్నేహితుడు రావిచెట్టు వఱకును అందఱికంటె ముందుండెను. తిరుగు దారిలో వాని చేతులు వణకినవి. చల్లని చెమటలు పట్టినవి. ముందు చక్రము పామువలె మెలికలు తిరుగసాగెను. వాడు దిగి దారి ప్రక్కన కూలబడెను. పొలమునకు పోవుచున్న ముసలివాడొకడు తన మూటలోని బెల్లపుముక్క ఇచ్చి నీళ్ళు త్రాగించెను. పావుగంటలో వాడు లేచి నిలువగలిగెను గాని, అప్పటికే పందెము ముగిసినది.

గెలిచినవాడు ఎవరును తలవని బాలుడు. వాడు ప్రతిదినము పొరుగూరినుండి పాలు తెచ్చి మా యూరిలో ఇంటింట పోయువాడు. తెల్లవాఱుజామున చద్దియన్నము మజ్జిగతో తిని, పాలబిందెలతో సైకిలెక్కి, వీధులన్నియు తిరిగి, బిందెలు దింపి వచ్చుసరికి ఈల వేయబోవుచుండిరి. ఆనాడు మేమందఱము అది వాని అదృష్టమంటిమి.

నేను ఇంటికి పోయి "నీ గారెలే నన్ను చెఱచినవి" అని అమ్మతో అంటిని. ఆమె మాఱు పలుకలేదు. నిజమునకు గారెలలో దోషము లేదు. తినిన వేళలోనే దోషమున్నది. ఈ సంగతి నేను తెలిసికొనుటకు చాల యేండ్లు పట్టినది.

మనము తినిన యాహారము జీర్ణమగుటకు కడుపునకును ప్రేగులకును రక్తము కావలెను. సైకిలు వేగముగా త్రొక్కునపుడు కాళ్ళ కండరములకు రక్తము కావలెను. రెండును ఒక్కసారి అడిగినచో దేహము కాళ్ళకే ఎక్కువ పంపును. కడుపులోనిది అట్లే నిలిచిపోవును. నూనెలో వేగిన పదార్థములు కడుపును వదలుటకు మఱింత ఆలస్యమగును. నా గారెలకు జరిగినది ఇదియే.

నా స్నేహితుని కథ వేఱు. అన్నము, ఇడ్లీ, రొట్టె మొదలగువానిలోని పిండిపదార్థములు దేహములో గ్లైకోజెన్ అను రూపమున కండరములలోను కాలేయములోను నిలువయుండును. కాలేయములోని నిలువ రక్తములోని చక్కెరను తగ్గకుండ కాపాడును. మనము నిద్రించునపుడు సహితము మెదడు పనిచేయుచునే యుండును గనుక ఆ నిలువ తెల్లవాఱుసరికి చాల తరుగును. వాడు సాయంకాలపు తిరుగుటతో కండరములలోనిదియు ఖర్చు చేసెను, రాత్రి తినక కాలేయములోనిదియు ఖర్చు చేసెను. ఇక మిగిలినదేమి?

ఈ విషయమును 1967లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు సైకిలు మీదనే పరీక్షించిరి. ఒకచోట నిలిపిన సైకిలును మనుష్యులచేత అలసిపోవు వఱకు త్రొక్కించి, తొడ కండరమునుండి చిన్న తునుకలు తీసి చూచిరి. కొన్ని దినములు కొవ్వును మాంసకృత్తులును మాత్రమే తినినప్పుడు వారు సుమారు ఒక గంటయు, సామాన్య భోజనము తినినప్పుడు సుమారు రెండు గంటలును, పిండిపదార్థములు మిక్కిలిగా తినినప్పుడు మూడు గంటలకు దగ్గఱగాను త్రొక్కగలిగిరి. మనిషి వాడే, సైకిలు అదియే.

లోకమున పేరొందిన వీరులకును ఈ ఆపద తప్పలేదు. 2013లో టూర్ ద ఫ్రాన్స్ పందెము 18వ దినమున, ఆల్ప్ ద్యుయెజ్ కొండ నెక్కుచు, అందఱికంటె ముందంజలో నున్న క్రిస్ ఫ్రూమ్ బలముడిగి చేయెత్తి సైగ చేసెను. సహచరుడగు రిచీ పోర్ట్ తమ కారునుండి తీపి గుజ్జు పొట్లము తెచ్చి ఇచ్చెను. గమ్యము దగ్గఱలో ఆహారము తీసికొనరాదను నియమము తప్పినందున ఇద్దఱికిని 20 సెకనుల చొప్పున దండన విధించిరి. ఫ్రూమ్ ఆ దండనకు వెనుదీయక తినెను. ఆ యేడు పందెము గెలిచెను.

మీ మొదటి పందెము అంత పెద్దది కాదు. అరగంటలోనో ముప్పావుగంటలోనో ముగియు పందెమునకు త్రోవలో తినవలసిన పనిలేదు. నిండిన కండరములతో బయలుదేరిన చాలును. ముందటి రాత్రి అన్నము పప్పుతో సుష్ఠుగా తినుడు, కారము తగ్గింపుడు. పందెమునకు మూడు గంటల ముందు నాలుగైదు ఇడ్లీలో, ఉప్మాయో, చద్దియన్నమో తినవచ్చును. అంత తెల్లవాఱుజామున లేవలేనివారు ఒక గంట ముందు అరటిపండొకటి తినుట మేలు. అందులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థములు గలవు. పూరీలు, గారెలు, మాంసము ఆ పూటకు వలదు. ఎన్నడును తినని క్రొత్త పదార్థమును, అది ఎంత మంచిదని ఎవరు చెప్పినను, ఆనాడు ముట్టకుడు. నీళ్ళు ఒక్కసారి చెంబెడు త్రాగక కొంచెము కొంచెముగా త్రాగుడు.

ఇక కూర్చుండుటను గూర్చి. వేపచెట్టు నీడలో నేను దాచుకొంటినని తలచిన బలము దాగినది కాదు. కాడి కట్టిన వెంటనే ఎడ్లను పరుగెత్తించు రైతు లేడు. ఒడలిని ముందుగా వేడెక్కింపవలెను. ఇది మన ఇండ్లలో మామిడిపండ్లు ఎక్కువ తినినపుడు చేయునని చెప్పు వేడి కాదు. కండరములు పనిచేయుటచే పుట్టు వేడి. పనిచేయు కండరమునకు రక్తము హెచ్చుగా చేరునట్లు అతి సన్నని రక్తనాళములు ఎట్లు సర్దుకొనునో కనుగొనినందుకే డెన్మార్కు దేశీయుడగు ఆగస్టు క్రోగ్ 1920లో నోబెల్ బహుమానము నందెను. కండరము వెచ్చబడినపుడు రక్తము తనలోని ప్రాణవాయువును సులువుగా విడుచును. చల్లని కాళ్ళతో ఒక్కుమ్మడి వేగమెత్తినచో ప్రాణవాయువు చాలినంత చేరకముందే పని మీదపడును. అందువలన తొలి నిమిషములలోనే ఆయాసము కలుగును.

పందెమునకు అరగంట ముందు సైకిలెక్కి, పది నిమిషములు మాటలాడుచు పోగలిగినంత మెల్లగా త్రొక్కవలెను. తరువాత ఐదు నిమిషములు క్రమముగా వేగము పెంపవలెను. పిమ్మట పది సెకనుల పాటు బలముగా త్రొక్కి, రెండు నిమిషములు మెల్లగా పోయి, మరల అట్లే రెండు మూడు మారులు చేయవలెను. చిరుచెమట పట్టినచో చాలును. ఎండ మండు దినములలో దీనిని సగము తగ్గించి నీడలో చేయవలెను; లేనిచో మేలుకు మాఱు కీడగును. ఇట్లు వచ్చిన వేడి పావుగంట ఊరక నిలుచున్నచో చల్లారుచుండును. కనుక ఆరంభము ఆలస్యమైనచో మరల కొంత త్రొక్కుడు. కాళ్ళు చాచి నిమిషముల తరబడి బిగబట్టుట ఆ సమయమున మంచిది కాదు. అది కండరపు బలమును కొంత తగ్గించును. మా కాలపు వ్యాయామ శిక్షకులు దీనినే ముందుగా చేయించెడివారు.

ఆలస్యమనినంతనే నాకు ఒక బాలిక జ్ఞప్తికి వచ్చుచున్నది. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో ఆమె ఎనిమిదవ తరగతి చదువుచుండెను. జిల్లా పందెమునకు నేనే తోడు పోయితిని. భయముచే ఆమెకు ఇడ్లీ గొంతు దిగలేదు. "నమల వద్దమ్మా, త్రాగుము" అని బెల్లము కలిపిన రాగిజావ ఇప్పించితిని. ద్రవము కడుపును త్వరగా వదలును. మైదానము వెనుక దారిలో ఆమె మెల్లగా త్రొక్కుచుండగా పెద్ద యూళ్ళ పిల్లలు చూచి, ఇప్పుడే అలసిపోవునని నవ్విరి. ఆనాడును ఆరంభము ముప్పావుగంట ఆలస్యమైనది. ఆమె అరటిపండులో సగము తిని మరల సైకిలెక్కెను.

ఆమె గెలువలేదు, ఆఱవదిగా వచ్చెను. నేను తువాలు అందించి, ఎట్లున్నదని అడుగబోవుచుండగా, సైకిలు దిగకయే, రొప్పుచు అడిగెను:

"ఇప్పుడు గారెలు తినవచ్చునా, మాస్టారూ?"