‘ఇన్ఫర్మిటీ’ అను ఆంగ్లపదము

దౌర్బల్యమును తెలుపుటకు విద్యార్థులు ‘వీక్‌నెస్’ అను పదమునే తఱచుగా వాడుట మేము చూచుచున్నాము. ‘ఇన్ఫర్మిటీ’ అను వేఱొక పదము కలదు. లాటిను భాషలో ‘ఫిర్ముస్’ అనగా దృఢము; ‘ఇన్’ అనునది దానికి వ్యతిరేకమును తెలుపును. వార్ధక్యముచేతనో రోగముచేతనో దేహమునకు కలుగు లోపము ఇన్ఫర్మిటీ. రోగులుండు ‘ఇన్ఫర్మరీ’కిని మూలమిదియే. మామిడిపండ్లపై మనకుగల మక్కువను ‘వీక్‌నెస్’ అనవచ్చును గాని ‘ఇన్ఫర్మిటీ’ అనరాదు.

శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారికి, సవరల సీమలో జ్వరము సోకి క్వినైను సేవించుటచే చెవుడు కలిగెను. అది ఇన్ఫర్మిటీ. అయినను చెవితో విని నేర్వవలసిన సవరభాషకు వారు 1931లో వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలయించిరి. కావున చెవుడుగల సహపాఠిని దుర్బలుడని తలంపక, ఏ పదము దేనికి తగునో యెఱిగి వాడుదము.